మార్తమ్మ అక్క పేరు పెట్టబోతే

మొన్నామధ్య నా పుణ్యమా అని ఒక మంచి మనిషి పొద్దున చనిపోయి, అన్నం వేళకు లేచి కూర్చుంది. ఆమెకేం కాలేదు లెండి, అయిందంతా నాకే. చాయ్ తీసుకోండి, చెప్తా. నవ్వొస్తే ఆపుకోకండి. మా సందులో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అమీర్‌పేట్‌లో మైత్రీవనం వెనక సందులో నాది జిరాక్స్ షాపు. జిరాక్స్, లామినేషన్, ఫ్లెక్సీ డిజైన్లు, హాల్‌టికెట్ ప్రింట్లు. నా చదువు ఇంటర్, అదీ మధ్యలోనే దిగిపోయాను. చుట్టూ ఇన్ని కోచింగ్ సెంటర్లున్నాయి, ఒక్కదాంట్లో అడుగుపెట్టలేదు. వాళ్ళ పాంప్లెట్లు కొట్టీ కొట్టీ కంప్యూటర్ అదే వచ్చింది. అందుకే నేను పెళ్ళిపత్రిక చేసినా కింద 'త్వరపడండి, సీట్లు పరిమితం' అన్నట్టే ఉంటుందని మా ఆవిడ అంటుంది.

షాపు వెనక గదిలో మా ఫౌండేషన్. పెద్ద ఆఫీసేదో ఊహించుకోకండి. వాకర్లు, వీల్‌చైర్లు, చేతికర్రలు, నీళ్ళ పరుపులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్ళకు ఊరికే ఇస్తాం. కోలుకున్నాక తెచ్చివ్వాలి. అంతే మా సేవ.

దాన్ని మొదలుపెట్టింది నేను కాదు, మార్తమ్మ అక్క. పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఒకరోజు ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చి, కాపీలు తీసేలోపు వెనక గదిలోకి తొంగిచూసింది.

"గీ గది ఊకె ఎందుకు పెట్టినవ్‌రా?"

"కిరాయికిద్దామని అక్కా."

"నాకియ్యి."

మర్నాడు పొద్దున ఒక వీల్‌చైర్ తోసుకుంటూ వచ్చింది. అద్దె ఎంత చెప్పాలా అని నేను మనసులో లెక్కేసుకుంటున్నా. ఆమె నా చేతిలో చీపురు పెట్టింది. ఆ తర్వాత అద్దె మాట ఎత్తే ధైర్యం నాకు రాలేదు, ఎత్తాలని కూడా అనిపించలేదు.

ఆమె వాకర్ ఇచ్చే తీరు చూడాలి మీరు. తీసుకుపొమ్మని ఇచ్చేయడం ఉండదు. మనిషి ఎత్తుకు తగ్గట్టు వాకర్ కాళ్ళు సరిచేసి, పేషెంటును మా సందులోనే నడిపించేది. నడవలేని మనిషిని ఇంట్లోవాళ్ళు ఆటోలో తెచ్చేవారు. అక్క ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ అరిచేది: "తల పైకెత్తు! కిందేమన్న పడిపోయిందా, ఎతుకుతున్నవ్?" కోచింగ్ పిల్లలు బ్యాగులతో పక్కకు జరిగి దారిచ్చేవారు. ఆ మనిషి సందు చివరికి పోయి తిరిగి వచ్చేసరికి నా షాపులో ప్రింట్లు ఆగిపోయేవి, అందరం అటే చూస్తుండేవాళ్ళం. అప్పుడు అక్క, "ఇగ పో" అనేది. ఆ రెండు మాటల కోసం ఎంతెంత పెద్దవాళ్ళు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నారో నేను చూశాను.

ఆమెదే ఇంకో రూల్. సామాను తీసుకున్నవాడు మెంబర్ కాదు, వాపస్ తెచ్చినవాడు మెంబర్. అంటే మా ఫౌండేషన్ సభ్యులంటే నడక తిరిగొచ్చినవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు. అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూప్.

పోయినేడు అక్క మోకాళ్ళే మొరాయించాయి. ఇంతమందిని నడిపించిన మనిషి షాపు మెట్టు ఎక్కడానికి నా భుజం పట్టుకుంది. కొన్నాళ్ళు చూసి, ఖమ్మంలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ మా వాకర్లలోనే ఒకటి తీసుకుంది. దాని కాళ్ళు తానే సరిచేసుకుంది. నన్ను ముట్టనివ్వలేదు.

గడువు దాటితే అందరికీ ఫోన్ చేసి "వాకర్ తెచ్చిస్తారా?" అని అడగడం నా డ్యూటీ. ఆమెకు మాత్రం ఆ ఫోన్ చేయను. "ఎప్పుడొస్తవ్ అక్కా?" అని అడుగుతా. "చూద్దాం లేరా" అంటుంది. 'చూద్దాం' అంటే ఏంటో నాకు తెలియదా? సాయంత్రానికి లామినేషన్ అవుతుందా అని అడిగే ప్రతి కస్టమర్‌కూ నేను చెప్పేది అదే.

సరే, పేరు గొడవకు వస్తా.

ఫౌండేషన్‌కు మొదట పేరు పెట్టింది నేను. స్టైల్‌గా ఉండాలని 'నెక్స్ట్ స్టెప్ ఫౌండేషన్' అన్నాను. నడక, అడుగు, అర్థం కూడా కుదిరిందని నా భుజం నేనే తట్టుకున్నాను. అమీర్‌పేట్‌లో ఆ పేరుతో బోర్డు పెడితే ఏమవుతుందో నాలాంటి తెలివైనవాడికి తప్ప అందరికీ తెలుస్తుంది.

"హలో సార్, పైథాన్ న్యూ బ్యాచ్ ఎప్పుడు?"

"ఇది కోచింగ్ సెంటర్ కాదు బాబూ. మేం వాకర్లిస్తాం."

"వాకరా? అదేం కోర్సు సార్? మార్కెట్ల డిమాండ్ ఉన్నదా?"

రోజంతా ఇదే. ఇంతవరకు నవ్వుకోవచ్చు. కాని ఒకాయన తండ్రికి వీల్‌చైర్ కోసం మా బోర్డు కిందే నిలబడి, ఇది కంప్యూటర్ క్లాసులనుకుని, వేరే చోట వెతుక్కుంటూ వెళ్ళిపోయాడని తెలిశాక నవ్వు ఆగిపోయింది. పేరు మార్చాల్సిందే అన్నారు అందరూ.

నాకు లోపల ఒక ఆలోచన పుట్టింది. అక్క పేరు పెడితే? సొంత పేరుతో బోర్డు లేస్తుంటే ఆమె రాకుండా ఉంటుందా? ఓపెనింగ్‌కైనా వస్తుంది. వస్తే ఒక పూట ఉంటుంది. ఒక పూట ఉంటే వెనక గది చూస్తుంది. చూస్తే 'గిట్లనా పెట్టేది?' అని చీపురు అడుగుతుంది. ఇక చూసుకోండి, ఆమె ఖమ్మం ఎందుకు పోతుంది? ఇదీ నా ప్లాన్. పైకి మాత్రం 'సంస్థ గుర్తింపు కోసం' అన్నాను.

వెనక గదిలో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే నాతో కలిపి నలుగురం. నర్సింగరావు సార్ మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసి దిగిపోయారు, మా అధ్యక్షుడు. ఉన్నవాటిలో మెత్తనిదని ఎప్పుడూ వీల్‌చైర్‌లోనే కూర్చుంటారు. జాన్ బోరబండలో ఏసీ మెకానిక్, మా బండ్ల చక్రాలన్నీ అతనే బాగుచేస్తాడు. సరళ గారిది రాజమండ్రి, ఇక్కడ లేడీస్ హాస్టల్ నడుపుతారు.

"సంక్షేమ అనే మాట ఉండాలె," అన్నారు నర్సింగరావు సార్. "అది లేకుంటే సంస్థ అనిపియ్యదు. ఇంకోటి, పరిధి రాయాలె. అమీర్‌పేట్, పంజాగుట్ట పరిసర ప్రాంత..."

"బోరబండ ఏం పాపం చేసింది సార్?" అన్నాడు జాన్. "సగం వాకర్లు మా దిక్కే ఉన్నయ్. నాకైతే 'కరుణ' అని ఉండాలె."

"ఏంటండి, అన్నీ ఆఫీసు పేర్లే చెప్తారు?" సరళ గారు అందుకున్నారు. "వినగానే మనసుకి తగలాలండి. 'ఆత్మీయ' అని పెట్టండి."

నేను గొంతు సవరించుకుని, "మన మార్తమ్మ అక్క..." అన్నాను.

"మార్తమ్మ మెంబరే కాదిప్పుడు," అన్నారు సార్ వీల్‌చైర్‌లో ఇటు తిరిగి. "వాకర్ వాపస్ ఇయ్యలే. రూల్ ఆమెదే."

జాన్ నవ్వాడు, సరళ గారు నవ్వారు, నేనూ నవ్వాను. నా మాట అక్కడే మిగిలిపోయింది.

చివరికి సార్ తేల్చారు: "ఇది నలుగురం తేల్చేది కాదయ్యా. సభ్యులందర్ని అడుగుదాం. గ్రూప్‌ల పెట్టు. అభిప్రాయ సేకరణ."

"నేను చేస్త సార్!" అని ఎగిరి ఒప్పుకున్నాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మర్నాడు పొద్దున షాపు తీయగానే పోస్టర్‌కు కూర్చున్నా. అక్క ఫోటోల్లో మంచిది ఒక్కటే ఉంది, జాన్ చెల్లెలి పెళ్ళిలో తీసింది. తెల్ల చీర, చిన్న నవ్వు. దాన్ని గుడ్డు ఆకారంలో కోసి మధ్యలో పెట్టా. చుట్టూ బార్డర్ కావాలి కదా. నా కంప్యూటర్‌లో ఉన్నవాటిలో అందమైన బార్డర్ మల్లెపూలది. అది నేను ఎక్కువగా ఏ పోస్టర్లకు వాడతానో, ఏ ఇళ్ళవాళ్ళు ఏడుస్తూ వచ్చి చేయించుకుంటారో, చెప్పక్కర్లేదు. నేనేమన్నా పిచ్చివాడినా? కింద ఉండే దీపం తీసేశాను. దీపం తీసేశాక ఇక అది శుభకార్యమే అనుకున్నాను.

కింద రాశాను: 'మన మార్తమ్మ అక్క సేవలు చిరస్మరణీయం. ఆమె పేరు ఎప్పటికీ నిలిచిపోవాలి. ఇకపై మన సంస్థ: మార్తమ్మ ఫౌండేషన్. సభ్యులు తమ అభిప్రాయాలు తెలుపగలరు.'

ఇప్పుడు మీరు చెప్పండి. మన దగ్గర బతికున్న మనిషికి ఫ్లెక్సీ కడతారు, గజమాల వేస్తారు, కేక్ కోయిస్తారు. ఫౌండేషన్ ఎవరి పేరు మీద పెడతారు? అది కూడా ఆలోచించకుండా గ్రూప్‌లో పెట్టేసి, ఫోన్ వెనక గదిలో చార్జింగ్‌కు పెట్టి వచ్చాను.

అదేరోజు ఏదో ఎగ్జామ్ హాల్‌టికెట్లు వదిలారు. షాపు ముందు లైన్! తల ఎత్తే సందు లేదు. ఫోన్ మోగుతున్నట్టు చెవికి తగులుతోంది గాని, పైథాన్ బ్యాచే అయ్యుంటుందని వదిలేశా.

కొంతసేపటికి నర్సింగరావు సార్ వచ్చారు. తెల్ల లాల్చీ, తెల్ల పైజామా, బిగించిన మొహం.

"యాదగిరీ, మెషిన్ బంద్ చెయ్."

"సార్, లైన్ ఉన్నది చూడున్రి."

"బంద్ చెయ్యమంటున్న గద! రెండు నిమిషాలు." తర్వాత పిల్లల వైపు తిరిగి, "అందరు తల వంచి మౌనం పాటించాలె," అన్నారు.

ఎవరో వాళ్ళ ఆఫీసాయన పోయుంటాడనుకున్నా. పెద్దమనిషి మాట కాదనలేక మెషిన్ ఆపి తల వంచా. లైన్ మొత్తం తల వంచింది. చివర్నుంచి ఒక పిల్ల మెల్లగా అడిగింది: "సార్, సర్వర్ డౌనా?"

"ష్..." అన్నాను నేనే.

రెండు నిమిషాలు అయ్యీ కాకముందే బండి మీద జాన్ వచ్చాడు. చేతిలో పెద్ద దండ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనకే ఆటోలో సరళ గారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ దిగారు.

"ఇంత పనైపోయిందేంటండి యాదగిరి గారూ!"

"ఎవరు మేడమ్? ఎవరు పోయింది?"

"ఏంటండి అలా అడుగుతారు? మన మార్తమ్మ గారండీ!"

నేను స్టూలు మీద కూర్చున్నాననే అనుకున్నా. స్టూలు పక్కన ఉంది, నేను కింద ఉన్నా.

నవ్వకండి, ఒక్క నిమిషం ఇది మాత్రం మామూలుగానే చెప్తా. ఆ క్షణంలో నాకు పెద్ద పెద్ద ఆలోచనలేం రాలేదు. రోజూ ఒక చాయ్ తెప్పించి ఇద్దరం పంచుకునేవాళ్ళం. గ్లాసులోంచి నా టిఫిన్ డబ్బా మూతలోకి వంచి, ఏది ఎక్కువుందో చూసి అది నా వైపు జరిపేది. ఆమె ఖమ్మం పోయిన దగ్గర్నుంచి చాయ్‌వాడు అదే ఒక్కటి తెస్తాడు, సగం తాగేసరికి చాలనిపిస్తుంది, మిగిలింది అలాగే పక్కన పెడతా. ఆ మిగిలిన సగం గుర్తొచ్చింది. ఇంకా ఆమె వస్తుందని, ఆ సగం ఆమెదని ఇన్నాళ్ళూ పారబోయడానికి మనసొప్పలేదని అప్పుడే తెలిసింది. పిల్లల ముందు, లైన్ ముందు, బావురుమన్నా.

జాన్ నన్ను లేపి కూర్చోబెట్టాడు. ఒక పిల్లాడు వాటర్ బాటిల్ ఇచ్చాడు. రెండు గుక్కలు తాగి అడిగాను.

"ఎట్ల పోయింది జాన్?"

"తెల్వదన్నా. నిద్రలనే పోయిందంటున్నరు."

"ఎవరన్నరు?"

"సార్ చెప్పిండు."

నర్సింగరావు సార్ తల అడ్డంగా ఊపారు. "నేను అట్లయ్యుంటదన్న, అంతే. వివరాలన్ని యాదగిరికే తెలుసు."

"నాకేం తెలుసు సార్?"

"ఏమయ్యా, గ్రూప్‌ల పెట్టిందే నువ్వు కదా!"

"నేనేం పెట్టిన?"

సరళ గారు తన ఫోన్ నా మొహం ముందు పెట్టారు. తెల్ల చీరలో అక్క, చిన్న నవ్వు, చుట్టూ మల్లెలు. చూసి ఇంకా గట్టిగా ఏడ్చాను. అబద్ధమెందుకు, ఆ ఏడుపులోనే ఒక్క క్షణం, 'ఎవరు చేసిర్రో గాని డిజైన్ మంచిగ చేసిర్రు' అని కూడా అనుకున్నా.

తర్వాత కింద దీపం ఉండాల్సిన చోట ఖాళీ కనబడింది. ఏడుపు టక్కున ఆగిపోయింది.

"సార్... అక్క పోలేదు."

సార్ నా భుజం మీద చెయ్యేశారు. "ధైర్యం తెచ్చుకో. మొదట అందరికి అట్లనే ఉంటది."

"కాదు సార్, ఇది నేనే చేసిన!"

"అవునయ్యా, ఆమెకు నువ్వు మస్తు చేసినవ్. ఎవరు కాదన్నరు?"

"అయ్యో, పోస్టర్ సార్! పోస్టర్ నేను చేసిన! పేరు కోసం! అభిప్రాయ సేకరణ!"

"వాటర్ తాగన్నా," అన్నాడు జాన్.

అప్పుడు వెనక గదిలో ఫోన్ మోగింది. జాన్ పోయి తెచ్చాడు. తెస్తూ తెస్తూ స్క్రీన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ప్రభువా..." అన్నాడు. స్క్రీన్ మీద 'మార్తమ్మ అక్క' అని వెలుగుతోంది.

నర్సింగరావు సార్‌కు మాత్రం ఏ సందేహం లేదు. "చెల్లెలయ్యుంటది. మాట్లాడు, ఎన్నింటికి తీస్తున్నరో అడుగు."

ఎత్తాను.

"యాదగిరీ," అంది అక్క. "నాకు దండ తెచ్చిర్రారా?"

"అక్కా..."

"ఏం పూలు?"

జాన్ చేతిలో దండ వైపు చూశా. "చేమంతులక్కా."

"చేమంతులా! మల్లెలు దొరకలేదా ఒక్కనికి గూడ?"

సరళ గారు అందుబాటులో ఉన్న కుర్చీలో కూలబడ్డారు. అది కమోడ్ చైర్ అని చెప్పే ఓపిక ఎవరికీ లేదు. నర్సింగరావు సార్ తెల్ల లాల్చీ సర్దుకుంటూ, మౌనం పాటించిన పిల్లల లైన్ వైపు చూడలేక, బయట కరెంట్ తీగల్ని పరిశీలించడం మొదలుపెట్టారు.

అక్క పొద్దుట్నుంచీ అన్నీ చదువుతూనే ఉందట. మా గ్రూప్‌లో ఆమె ఉన్న సంగతి నాతో సహా ఎవరికీ గుర్తులేదు. 'ఓం శాంతి'లు, 'దేవుని సన్నిధికి చేరిన సహోదరి'లు, దండం పెట్టే బొమ్మలు, 'దండ తీస్కొని వస్తున్న' అని జాన్ మెసేజ్. చెల్లెలు, "బతికే ఉన్ననని చెప్పవే తల్లీ" అని మొత్తుకుంటే, "ఉండవే, ఇంకా వస్తున్నయ్" అందట.

"గా బోరబండ ముసలాయన లేడూ, ఎన్నడన్న ఒక్క మంచి మాట అన్నడారా నన్ను? వాకర్ ఇచ్చినరోజు గయ్యాళిదన్నడు. ఇయ్యాల, నా అసొంటి మనిషి భూమ్మీద లేదని రాసిండు. బతికే ఉన్ననంటే ఏమైతడో పాపం!"

నవ్వుతోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టమంది, అందరితో మాట్లాడింది. జాన్‌ను, దండ తీసుకుపోయి చర్చిలో ఇవ్వమంది. సార్‌తో, "తెల్లబట్టలేస్కొని వచ్చిర్రా? మంచిది, మీకు తెలుపు మంచిగుంటది" అంది. మళ్ళీ నన్ను స్పీకర్ తీసెయ్యమంది. గొంతు కొంచెం తగ్గింది.

"అందరు రాసిర్రు. నువ్వొక్కనివే ఏం రాయలే."

"నువ్వు పోయినట్టు నాకు తెల్వదు గదక్కా."

అది విని ఎంత నవ్వింది! నాకు నవ్వు రాలేదు.

"ఏడ్చినవారా?"

"లేదక్కా. టోనర్ పొడి కండ్లల్ల పడ్డది."

ఆమె ఇంకో మాట అడిగేలోపు ధైర్యం చేశాను. "అక్కా, నీ పేరుతోని బోర్డు పెడితే ఓపెనింగ్‌కు వస్తవా?"

ఇదిగో, ఇన్ని తిప్పలు పడింది ఈ ఒక్క ముక్క కోసం. ముందే ఫోన్ చేసి అడిగితే సరిపోయేది కదా అని మీరనొచ్చు. మా ఆవిడ కూడా అంది.

"నా పేరొద్దు," అంది అక్క. "ఒక్క పూట పోతేనే గింత గడబిడ అయింది. పేరు అందర్ని అడిగి పెట్టున్రి. ఒక్కరి మాట సుత తీసెయ్యొద్దు, ఎవరి మనసు చిన్నబుచ్చొద్దు. నాది గూడ ఒక మాట రాస్కో: వాపస్. ఆ మాట పేర్ల లేకుంటే ఒక్కడు సామాను తేడు."

"పెడితే వస్తవా మరి?"

"చూద్దాం లేరా."

అలా వచ్చింది మా కొత్త పేరు. అక్క మాట ఎవరు కాదంటారు? సార్ పరిధి, సార్ సంక్షేమం, జాన్ బోరబండ, జాన్ కరుణ, సరళ గారి ఆత్మీయత, అక్క వాపస్. గ్రూప్‌లో అడిగితే సభ్యులంతా ఒప్పుకున్నారు. పొద్దున చేసిన తప్పుకు అందరికీ ఎంత సిగ్గుగా ఉందంటే, ఏం పెట్టినా ఒప్పుకునేవాళ్ళే. 'అమీర్‌పేట్ పంజాగుట్ట బోరబండ పరిసర ప్రాంత కరుణా ఆత్మీయ సంక్షేమ వాపస్ ఫౌండేషన్.' బోర్డు చేసేవాడు చదివి, "అన్నా, అడ్రస్ సరే, పేరేది?" అన్నాడు.

"నీ మాటేది రా అందులో?" అని అక్క అడిగింది.

"నాదేం లేదక్కా. నేను ఫోనెత్తేటోన్ని."

"అయితే ఎత్తంగనే మొత్తం పేరు చెప్పాలె. ఆసుపత్రిల రిసెప్షన్ల చెప్తరు చూడు, గట్ల. సగం చెప్పి వదిలిపెడితే ఊకోను."

బోర్డు లేచింది. అక్క రాలేదు. మోకాలు వాచిందట, డాక్టర్ బస్సు వద్దన్నాడట. వీడియో కాల్‌లో చూసింది. జాన్ ఫోన్ పట్టుకుని సందంతా తిప్పి చూపించాడు. చాయ్ బండి, నా షాపు, లైన్లో పిల్లలు. వెనక గది దగ్గరికి వచ్చేసరికి, "జర ఆగు జాన్, గక్కడ ఆగు" అంది. వీల్‌చైర్లు, గోడకు ఆనించిన వాకర్లు. జాన్ చెయ్యి నొప్పిపుట్టి ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు గాని, కదపలేదు.

ఇక ఫోన్ సంగతి. కోచింగ్ కాల్స్ పూర్తిగా బంద్ అయ్యాయి. నేను పంజాగుట్ట దాటేలోపే కట్ చేసేస్తున్నారు. వాకర్ నిజంగా కావాల్సినవాళ్ళు మాత్రం చివరిదాకా ఓపిగ్గా వింటారు. ఇంకొకరు కూడా వింటారు. రోజూ ఏదో ఒక వేళకు స్క్రీన్ మీద అక్క పేరు వెలుగుతుంది. ఎవరో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఎత్తి మొదలుపెడతా: "నమస్కారమండీ, అమీర్‌పేట్ పంజాగుట్ట బోరబండ..."

కరుణ దగ్గర అటునుంచి చిన్నగా ముక్కులోంచి నవ్వు మొదలవుతుంది. సంక్షేమ దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక దగ్గు వస్తుంది. ఫౌండేషన్ అనగానే, "మంచిగ చెప్పినవ్‌రా, పని చూస్కో" అని పెట్టేస్తుంది. అంతే మా మాటలు. పేరు అయిపోతే ఫోన్ అయిపోతుంది.

అంత పొడుగు పేరేంటని అందరూ నన్నే తిడుతున్నారు. నాకైతే ఇంకో నాలుగు ఊళ్ళు కలిపి ఉంటే బాగుండేదనిపిస్తుంది. నిన్న ఆగలేక, బోరబండ తర్వాత ఎర్రగడ్డ కూడా చేర్చేశాను.

నవ్వు ఆగిపోయింది. "ఎర్రగడ్డ యాడికెళ్ళొచ్చింది? మెంబర్లను అడిగినవా?"

"లేదక్కా."

"అయితే తీసెయ్. మల్ల మొదట్నుంచి సక్కగ చెప్పు."

చెప్పాను. ఇవాళ పరిసర ప్రాంతం మింగేశాను, మళ్ళీ చెప్పించింది. రేపటికి ఏ మాట తప్పు చెప్పాలో ఇప్పట్నుంచే ఆలోచిస్తున్నా. మావాడికి ఇంకా సొంత ఫౌండేషన్ పేరే నోటికి రాలేదని అక్క ఖమ్మంలో చెల్లెలితో చెప్పి బాధపడుతోందట.